పీకలోతు నీళ్ళలో పరుగు

మనిషికి దమ్ము ఎంత వుందో తేల్చి చెప్పే పరీక్షలు మన వాళ్ళు ఏనాడో పెట్టుకున్నారు. మా బెజవాడలో అయితే ఇంద్రకీలాద్రి మెట్లు వుండనే వున్నాయి. సగం మెట్లెక్కి గోడకు చేరగిలబడిన వాళ్ళను చూసి, గబగబా ఎక్కిపోయే ముసలమ్మలు నవ్వుకుంటూ పోవడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. పల్లెల్లో చెడుగుడు వుంది. కూత విడవకుండా అవతలి బరిలోకి వెళ్ళి నలుగురిని తాకి వచ్చినవాడే దమ్మున్నవాడు. ఇక ఇంట్లో పరీక్షలంటారా, బావిలోంచి పది చేదలు తోడితే చాలు, కొత్తకోడలి శక్తి ఎంతో అత్తగారికి తెలిసిపోయేది.

ఈ పరీక్షలన్నిటికీ ఒక షరతు వుంది. కాళ్ళు సరిగ్గా వుండాలి. కాళ్ళే మొరాయిస్తే గుండె సంగతి తెలుసుకోవడం ఎలా? రెండేళ్ళ కిందట నాకు ఎదురైన ప్రశ్న ఇదే.

నేను ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతాను. వయస్సు నలభై ఆరు. మా కాలేజీ మూడంతస్తులు, లిఫ్టు లేదు. తెలుగు సెక్షన్లన్నీ పైకప్పుకు దగ్గరగా ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. బహుశా కవిత్వం ఆకాశానికి చేరువలో వుంటుందనేమో! వానాకాలంలో ఓనాడు స్కూటీ జారింది. కుడి మోకాలు మెలికపడింది. మోకాటి కీలులో రెండెముకల మధ్య మెత్తలాంటిది ఒకటి వుంటుందట. అది కొంచెం చిరిగింది. ఎముకల డాక్టరు గారు ఫిల్మును దీపం ముందు పెట్టి చూసి, "చిన్న కన్నం పెట్టి సరిచేయవచ్చు. తొందర లేదు గాని, ఆలోచించుకోండి," అన్నారు.

ఆలోచించుకోవడానికి మరో డాక్టరు అడ్డం వచ్చాడు. ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే డాక్టరు మనిషిని పిలిచి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. అందులో ఒకటి: "ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలరా అమ్మా?"

"ఎక్కలేను," అన్నాను.

"ఎందువల్ల? మోకాలు నొప్పి వల్లా, ఆయాసం వల్లా?"

చూడటానికి చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం నా దగ్గర లేదు. మూడో అంతస్తుకు చేరేటప్పటికి మోకాలూ సలిపేది, ఊపిరీ అందేది కాదు. ఏది ముందో, ఏది వెనకో చెప్పలేను. ఇంట్లో తలా ఒక మాట. మా అత్తగారు మోకాలే అన్నారు. మావారు, "కాస్త ఒళ్ళు తగ్గాలి నువ్వు," అన్నారు. ఆయన గారి బొజ్జ సంగతి ప్రస్తుతానికి వదిలేస్తాను. నా మనస్సులో మాత్రం మూడో అనుమానం వుండేది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా నాన్నగారు యాభై ఒకటో యేట, భోజనం చేసి పీటమీంచి లేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారు. అప్పుడు నేను ఎం.ఏ. రెండో సంవత్సరం. ఆయనా పోయేముందు కొన్నాళ్ళు, "మెట్లెక్కితే ఆయాసంగా వుందే అమ్మడూ," అనేవారు.

గుండె డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేశారు. మామూలుగా అయితే కదిలే పట్టీ మీద నడిపించి, అలసట వచ్చేదాకా చూస్తారు. నా మోకాలు దానికి ఒప్పుకోదు. అందుకని మందు ఎక్కించి, గుండెను వేగంగా కొట్టుకునేట్టు చేసి తెరమీద చూశారు. "నాళాల్లో అడ్డు వున్న సూచన లేదు. భయపడకండి," అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. కాని ఆయనే మరో మాట కూడా అన్నారు: "జబ్బు లేదన్నాను గాని, శక్తి వుందని అనలేదు. అది వేరే లెక్క. మీ శరీరం శ్రమలో ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో మనం కొలవలేదు."

ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆర్చిబాల్డ్ హిల్ అని ఇంగ్లండులో ఒక శాస్త్రజ్ఞుడుండేవాడు. కండరాలు పుట్టించే వేడిమీద చేసిన పనికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానంలో సగం ఆయనది. ఆ రోజుల్లోనే ఆయన వీపుకు పెద్ద సంచీ కట్టుకుని, వదిలిన ఊపిరంతా అందులోకి పోయేట్టు గొట్టం పెట్టుకుని, గడ్డినేల మీద గుండ్రంగా పరుగెత్తాడు. అటు తర్వాత సంచీలో గాలిని పరీక్షించి ఎంత ప్రాణవాయువు ఖర్చయిందో లెక్క వేశారు. వేగం పెంచినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఒక హద్దు చేరాక ఇక పెరగదు. ఆ హద్దే మనిషి దమ్ము. శరీరం బరువులో కిలోకు, నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లని చెబుతారు. ఊరికే కూచున్న మనిషికి మూడున్నర చాలు. దాన్నే ఒక కొలపాత్రగా పెట్టుకున్నారు; దానికి నాలుగు రెట్లు శ్రమ తట్టుకోగలిగితే ఆపరేషనుకు భయం తక్కువని మత్తు డాక్టర్ల లెక్క. రెండంతస్తుల మెట్ల ప్రశ్న వెనక వున్న సంగతి అదన్నమాట. మన ప్రాణం అడిగే ప్రశ్నలు ఎంత మామూలు వేషంలో వస్తాయో చూడండి!

వీపుకు సంచీ కట్టుకుని పరుగెత్తే ఓపిక అందరికీ వుండదు గనక, అమెరికా వైమానిక దళంలో పనిచేసిన కెన్నెత్ కూపర్ అనే డాక్టరు 1968లో సులువైన పరీక్ష ఒకటి ప్రకటించాడు. పన్నెండు నిమిషాలు పరుగెత్తు. ఎంత దూరం పోయావో చెప్పు. నీ దమ్మెంతో నేను చెబుతాను. ఏరోబిక్స్ అనే మాటను ఇంటింటికీ తెచ్చినవాడూ ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని 'వాయుసహితం' అని రాస్తారు. నాకు నచ్చదు. 'దమ్ము' అనే రెండక్షరాల మాట మన దగ్గర వుండగా వాయువును సహితం చేసి మోయడం దేనికి?

మా కాలేజీ పి.డి. గారు నలభై యేళ్ళ చురుకైన మనిషి. పూర్వం పరుగుపందాల్లో బహుమతులు తెచ్చుకున్నావిడ. స్టాఫ్ రూములో నా గోడు విని ఆవిడ, "మేడమ్ గారూ, నేలమీద పరుగెత్తలేకపోతే నీళ్ళలో పరుగెత్తండి," అన్నారు.

హాస్యమనుకున్నాం అందరమూ. చరిత్ర చెప్పే ఆవిడ అయితే, "మడుగులో దుర్యోధనుడు దాక్కున్నాడని విన్నాం గాని పరుగెత్తినట్టు వినలేదే!" అన్నారు. జలస్తంభనం గురించి నాకంటే ముందు ఆవిడ ఎత్తుకోవడం నాకు కొంచెం కష్టంగా తోచింది.

పి.డి. గారు నవ్వలేదు. కాలు బెణికిన పరుగువీరులు నెలల తరబడి పడుకోకుండా, నడుముకు తేలే బెల్టు కట్టుకుని, లోతు నీళ్ళలో పాదం నేలకు తగలకుండా పరుగెత్తుతారట. అలా చేస్తే వాళ్ళ దమ్ము చాలావరకు పోకుండా నిలుస్తుందట. "వాళ్ళు నిలుపుకోవడానికి చేసేదే, మీరు కొలుచుకోవడానికి చెయ్యండి," అన్నారావిడ. ఎముకల డాక్టరు గారినీ గుండె డాక్టరు గారినీ అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాటమీదకు రావడం అదే మొదటిసారి.

ఇంట్లో అసలు పేచీ డ్రెస్సు దగ్గర వచ్చింది. కొలనులో చీరలు కుదరవు. మెడనుంచి మడమల దాకా కప్పే నైలాను డ్రెస్సు కొని తెచ్చాను. మా అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇదేమిటి అమ్మాయ్, సర్కసువాళ్ళ బట్టలా వుంది!"

"ఆడవాళ్ళ బ్యాచే అత్తయ్యగారూ. ఉదయం ఏడు నుంచి ఎనిమిది. మగపురుగు వుండదు."

"నేనేమన్నాననీ? మా చిన్నతనంలో కృష్ణలో పీకలోతు నీళ్ళలో ఎదురు నడిచేవాళ్ళం. అప్పుడు ఏ డాక్టరు చెప్పాడు? కాలవలో అయితే వూరికే వచ్చేది. నువ్వు నెలకింతని కట్టి పోతున్నావు!" అంటూ లోపలికి వెళ్ళి, అటకమీంచి పాత నవారు చుట్ట దింపించి నా ముందు పడేశారు. "ఊరికే కొట్టుకుపోతావు. దేనికైనా కట్టుకో."

ఆ నవారు ఎంత పనికొచ్చిందో చెబుతాను. లోతు నీళ్ళలో కాళ్ళాడిస్తే మనిషి కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతాడు. దూరం కొలుద్దామంటే అది శ్రమకు సరైన కొలత కాదు. ఒకరు చేతులతో నీళ్ళు తోసుకుని ముందుకు పోతారు, మరొకరు అంతకు రెట్టింపు శ్రమపడి వున్నచోటే వుంటారు. అందుకని పరుగువీరులను తాడుతో గట్టుకు కట్టేస్తారట. మా కోచ్ అమ్మాయి తాడుకోసం వెతుకుతూ వుంటే నేను సంచీలోంచి నవారు తీశాను. ఒక కొన నిచ్చెన కమ్మీకి, రెండో కొన నా నడుము బెల్టుకు. గుంజకు కట్టిన దూడలా వున్నానని ఆ అమ్మాయి నవ్వింది.

నీళ్ళలోకి దిగిన మొదటి నిమిషం మరిచిపోలేను. అరవై ఎనిమిది కిలోల మనిషిని. మెడదాకా మునిగితే నేల మోయవలసిన బరువు పదోవంతుకు దిగిపోతుంది. అంటే ఏడు కిలోలు, ఆరేడు నెలల పసిపిల్ల బరువు. నడుంలోతులో అయితే సగం. బెల్టు కట్టుకుని పాదాలు నేలనుంచి పైకి తేలాయా, మోకాలికి ఇక బరువే లేదు. రెండేళ్ళుగా రాత్రింబవళ్ళు నాతో మాట్లాడుతూ వున్న మోకాలు ఒక్కసారిగా మూగపోయింది. అంత నిశ్శబ్దానికి నాకు కళ్ళు చెమర్చాయి. నీళ్ళలో వున్నాను గనక ఎవరికీ తెలియలేదు.

తేలిక అనగానే సుఖం అనుకోకండి. నీరు గాలికంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన. గాలిలో కాలు ఎత్తితే అడ్డేమీ లేదు. నీళ్ళలో ముందుకు తోసినా అడ్డమే, వెనక్కి లాగినా అడ్డమే. పైగా రెట్టింపు వేగంతో తోస్తే అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గజేంద్రుడు ఎందుకు నీరసించాడో, మొసలికి ఆ బలం ఎక్కడిదో ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. స్థానబలం అంటే ఏమిటో నా తొడల కండరాలకు ఆవేళ తెలిసింది.

నిలువుగా వుండాలి. ఈతలోలాగ వాలిపోకూడదు, కాస్త ముందుకు వంగినట్టు వుంటే చాలు. పిడికిళ్ళు వదులుగా మూసి, చేతులు నేలమీద పరుగులో ఎలా ఆడతాయో అలాగే ఆడాలి. అరచేతులు దోసిలిగా పెట్టి నీళ్ళు తోడకూడదు. మోకాలు ముందుకు ఎత్తి, కాలు కిందికి చాపి, వెనక్కి లాగాలి. ఇది పట్టుబడటానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు కొలత జోలికి పోవద్దని పి.డి. గారు గట్టిగా చెప్పారు. మనిషికి పరుగు రాకముందే కొలిస్తే, దమ్ము పెరిగిందో పరుగు వచ్చిందో తర్వాత తేల్చలేమట. పిల్లలకు అక్షరాలు రాకముందు వ్యాసరచన పోటీ పెడితే ఎలా వుంటుందో అలాగన్నమాట.

ఇక కొలత. కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో నిమిషానికి లెక్క. నా ఫోనులో సంగీతం నేర్చుకునేవాళ్ళకోసం చేసిన తాళం యంత్రం ఒకటి వుంది. దాన్ని ప్లాస్టిక్కు సంచిలో చుట్టి గట్టుమీద పెట్టాం. మొదట నిమిషానికి 40 దెబ్బలు, మూడు నిమిషాలు. తర్వాత 46, మూడు నిమిషాలు. ఆ తర్వాత 52, 58, 64. ఒక్కొక్క మెట్టు చివర గట్టు పట్టుకుని మణికట్టు నాడి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం. ఛాతీకి కట్టుకునే పట్టీ పి.డి. గారి దగ్గర వుంది గాని, నీళ్ళలో మునిగితే దాని సంకేతం ఫోనుకు అందదు. నాడి లెక్క వెంటనే మొదలెట్టాలి. కాస్త ఆలస్యమైతే గుండె సర్దుకుంటుంది, మనకు అబద్ధం చెబుతుంది.

నాడితోబాటు నోటిమాట కూడా ఒక కొలతే. గున్నార్ బోర్గ్ అనే స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆరు నుంచి ఇరవై దాకా అంకెల నిచ్చెన ఒకటి చేశాడు. ఆరు అంటే ఏ శ్రమా లేదు. ఇరవై అంటే ఇక నావల్ల కాదు. ఆరు నుంచి ఎందుకు మొదలు పెట్టాడో తెలుసా? అంకెను పదితో హెచ్చవేస్తే, ఆరోగ్యంగా వున్న పడుచువాళ్ళకు ఇంచుమించు నాడి లెక్క వస్తుంది. ఆ అంకెల అట్ట కోచ్ అమ్మాయి పట్టుకు నిలబడేది. నేను వేలితో చూపించేదాన్ని. మాట్లాడే ఊపిరి వుండేది కాదు.

ఇక్కడ ఒక మెలిక వుంది. నేలమీద లెక్కలు నీళ్ళలో చెల్లవు. 220లోంచి వయస్సు తీసేస్తే గుండె వేగానికి పై హద్దు తెలుస్తుందని ఒక మోటు లెక్క వుంది. నాకైతే 174. నీళ్ళలో అదే మనిషి, అంతే కష్టపడినా, నాడి పది పదిహేను తక్కువ పలుకుతుంది. నీటి ఒత్తిడి కాళ్ళను, పొట్టను నలువైపులా నొక్కి సుమారు 700 మిల్లీలీటర్ల రక్తాన్ని ఛాతీలోకి నెడుతుంది. గుండె బాగా నిండుతుంది. ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది. కనక తక్కువ దెబ్బలతో పని గడుస్తుంది. గుండెజబ్బు వున్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఇందులో దిగరాదనేది కూడా ఇందుకే; నీళ్ళు మోకాలికి దించిన బరువులో కొంత గుండెమీద పెడతాయి. అంటే నాకు నీళ్ళలో హద్దు 160 అని అనుకోవాలి. ప్రాణవాయువు లెక్క కూడా అంతే. ఒకే మనిషికి నేలమీద వచ్చే హద్దుకంటే లోతు నీళ్ళలో వచ్చేది పదిశాతం నుంచి పాతిక శాతం దాకా తక్కువ. కాబట్టి నీళ్ళలో అంకె తెచ్చి కూపర్ గారి పట్టికలో పెట్టి చూసుకుని ఏడవడం దండగ. కందపద్యాన్ని మాత్రలతో కొలుస్తాం. సీసానికి ఇంద్రగణాలు, సూర్యగణాలు. సీసపు కొలబద్ద తెచ్చి కందాన్ని తప్పు పట్టేవాడిని ఏమంటాం? నీటి అంకెను నీటి అంకెతోనే పోల్చాలి. అదీ అదే మనిషి అంకెతో, అదే కొలనులో, అదే వేళలో. ఎండకు నీళ్ళు వేడెక్కినా నాడి పెరుగుతుంది మరి.

లోతులేని నీళ్ళలో, ఛాతీ లోతున, నేలమీద అడుగుపెట్టి పరుగెత్తే పరీక్ష కూడా ఒకటి వుంది. అమెరికాలో 1993లో దాన్ని పరీక్షించి ప్రకటించారు: 500 గజాలు పరుగెత్తి, ఎంతసేపు పట్టిందో చూసి దమ్ము అంచనా వేయడం. మా కొలనుకు ఒక చివరే లోతు తక్కువ. అడ్డంగా పరుగెత్తాలంటే 457 మీటర్లకు నలభై అయిదారుసార్లు తిరగాలి. తిరగడంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. పైగా నా మోకాలికి మెలికలే పడవు. ఆ పరీక్ష నాకు పనికిరాదని వదిలేశాను.

ఫిబ్రవరిలో మొదటి పరీక్ష. ముందు రాత్రి నిద్రపట్టలేదు. ఎం.ఏ. వైవాకు ముందు రాత్రి కూడా నేను హాయిగా నిద్రపోయినదాన్ని. "మోకాలు నొప్పిపెడితే వెంటనే ఆగిపో," అన్నారు మావారు. నా భయం మోకాలి గురించి కాదని చెప్పలేదు. ఆయనకు తెలుసనుకుంటాను; ఆ ఉదయం ఆఫీసుకు ఆలస్యమవుతుందని తెలిసీ కొలను గేటు బయట బడ్డీకొట్టు దగ్గర గంటసేపు టీ తాగుతూ నిలబడ్డారు.

40 దెబ్బల మెట్టు చివర నాడి 108. 46లో 124. 52లో 144. 58 మొదలుపెట్టి అర నిమిషం గడవకముందే కోచ్ అమ్మాయి అట్టమీద పందొమ్మిది అంకె చూపించి గట్టు పట్టుకున్నాను. నోరు తెరుచుకుని గాలికోసం చేపలా కొట్టుకుంటున్నాను.

"మోకాలు నొప్పా మేడమ్?" అంది ఆ అమ్మాయి కంగారుగా.

నొప్పి లేదు. మోకాలు వున్నట్టే లేదు. నన్ను ఆపింది ఊపిరి.

మత్తు డాక్టరు ప్రశ్నకు జవాబు దొరికింది. నేను లోలోపల అనుమానించిందే నిజమైంది. గుండె డాక్టరు జబ్బు లేదన్నారు గనక ఇది నాన్నగారి ఆయాసం కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అయినా ఇంటికి వచ్చి ఆ అంకెలను డైరీలో రాసుకుంటూ వుంటే చెయ్యి వణికింది. నిమిషానికి 52 అడుగులకే నా హద్దులో తొంభై శాతానికి చేరిపోయాను. రెండేళ్ళపాటు మోకాలిని కాపాడుకుంటూ కుర్చీకి అతుక్కుని కూచున్నందుకు గుండె కట్టిన పద్దు అది.

ఆ మధ్యాహ్నం డైరీ తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంకెలు చూసి, "ఇది అలవాటు తప్పిన గుండె, చెడిపోయిన గుండె కాదు. వారానికి నాలుగు రోజులు దిగండి. పది వారాల తర్వాత మళ్ళీ ఇదే పట్టిక తెండి," అన్నారు. ఫీజు పుచ్చుకోలేదు. పాపం, ఆయనకు కూడా మోకాలు నొప్పి వుందట. కొలను ఎక్కడో అడిగి రాసుకున్నారు.

పది వారాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రోజూ అరగంట. రెండు నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం మెల్లగా. విసుగ్గా వుంటుంది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నేలమీద పరుగెత్తేవాడికి చెట్లూ, ఇళ్ళూ వెనక్కి పోతాయి. కట్టేసిన మనిషికి ఎదురుగా అదే నీలిరంగు గోడ. నేను మనసులో పద్యాలు చదువుకునేదాన్ని. మెల్లగా వున్నప్పుడు సీసం, గట్టిగా వున్నప్పుడు కందం. మత్తేభం ఊపిరికి ఆనదు, ప్రయత్నించి చూశాను.

ఏప్రిల్ మధ్యలో రెండో పరీక్ష. ఎండలు ముదిరి నీళ్ళు గోరువెచ్చగా వున్నాయి. నాడి పెరగడానికి అదొక సాకు. అయినా 40లో 92, 46లో 104, 52లో 120. ఫిబ్రవరిలో నన్ను కూలదోసిన 58లో 136. అరవై నాలుగు దెబ్బల మెట్టును మొదటిసారిగా చూశాను. మూడు నిమిషాలూ నిలబడ్డాను. అప్పుడు నాడి 152. ఒక నిమిషం విశ్రాంతి తర్వాత 120కి దిగింది. ఫిబ్రవరిలో 144 నుంచి నిమిషంలో 128కే దిగింది. ఎంత ఎత్తుకు పోయిందన్నదే కాదు, ఎంత త్వరగా దిగివస్తుందన్నదీ గుండె బలానికి గుర్తేనని పి.డి. గారంటారు. కోచ్ అమ్మాయి ప్రతి అడుగులోనూ మోకాలు ఎంత పైకి వస్తున్నదో కాపలా కాసింది. అడుగు పొట్టిచేస్తే అంకెలు దొంగలెక్కలవుతాయి. ఈ పరీక్షకున్న పెద్ద బలహీనత అదే. చూసే మనిషి నిక్కచ్చిగా లేకపోతే ఎవరైనా వీరులే.

మత్తు డాక్టరు గారు రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశారు. "నీళ్ళ లెక్క నాకు తెలియదమ్మా," అంటూనే ఆసక్తిగా అడిగి తెలుసుకున్నారు. ఆఖరికి, "మీకు మత్తు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు," అన్నారు. తీరా ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన తొడ కండరాలు నొక్కి చూసి, మోకాలు మడిచి చూసి, "ఇప్పుడే కోత ఎందుకు? మీ కాలికి బలం వచ్చింది. మరో ఆరు నెలలు చూద్దాం," అన్నారు! ఆ ఆరు నెలలు ఇంకా నడుస్తున్నాయి.

మూడో అంతస్తుకు ఇప్పుడు రెండో మలుపు దగ్గర ఒక్కసారి ఆగి ఎక్కుతున్నాను. ఆగేది మోకాలి కోసమే. ఊపిరి నన్ను దాటి ముందే పైకి చేరిపోతున్నది. నిరుడు నాన్నగారి తద్దినం నాడు పీట మీద కూచున్న తమ్ముడి మణికట్టు పట్టుకుని నాడి చూశాను. వాడికి నలభై రెండు. కంప్యూటరు ముందు రోజుకు పది గంటలు. పట్టిక వాడికీ ఒకటి గీసి ఇచ్చాను. "నాకు మోకాళ్ళు బాగానే వున్నాయి కదక్కా," అన్నాడు. "అయితే నేలమీదే పరుగెత్తు. పన్నెండు నిమిషాలు. నేను గట్టున నిలబడి చూస్తాను," అన్నాను. ముందు డాక్టరుకు చూపించుకుంటానన్నాడు. ఈ ఆదివారం అపాయింట్‌మెంటు.

మా అత్తగారు మాత్రం నవారు ఎప్పుడు తిరిగి ఇస్తావని అడుగుతున్నారు. క్లోరిన్ నీళ్ళకు అది తెల్లబడి, పీచు లేచింది. కొత్తది కొని ఇస్తానంటే, పాతదాని గట్టి కొత్తదానికి ఎక్కడిదంటున్నారు.